ఎలుకల జోడునిద్ర

“షామ్‌కి తల తెరిచారుగా? దెబ్బ కొట్టకుండానే కుట్టేశారుగా? మంచిది. సాయంత్రం నీళ్లలో పడేద్దాం.”

ఫోనులో ఇంత మాట అనేసి హైమవతి ప్రశాంతంగా ఇడ్లీ తుంచుకుంది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆమె అత్తగారు అప్పలనరసమ్మ మాత్రం చేతిలోని చట్నీ గిన్నెను నేలకు సమర్పించేసింది. ఆవిడకు కొడుకులిద్దరు. పెద్దవాడు పద్మనాభం, హైమవతి మొగుడు. చిన్నవాడు శ్యామసుందరం, లోకానికి శ్యామ్. గాజువాకలో కార్లు నేర్పే బడి పెట్టుకుని, జనానికి వెనక్కి వెళ్లడం నేర్పుతూ తాను ముందుకెళుతున్నవాడు.

ఆవిడ తన ఫోను అందుకుంది.

“ఒరే సిన్నోడా, నీ తలకాయ ఉందేట్రా?”

“ఉందే అమ్మా. ఏటైంది?”

“ఓపాలి తడిమి సూడు. కుట్లేటైనా తగుల్తన్నాయేటి?”

“దువ్విన జుట్టు తగుల్తంది. ఎవులేటన్నారు?”

“మీ వదిన నిన్ను నీళ్లల్లో పడేస్తానంటంది.”

హైమవతికి ఇడ్లీ గొంతులో అడ్డుపడింది. మంచినీళ్లు తాగి, అత్తగారి చేతిలో ఫోను తీసుకుని, మరిదికి తర్వాత చేస్తానని చెప్పి, ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టింది.

“అత్తయ్యా, షామ్ అంటే మన శ్యామ్ కాదు. మెదడు దెబ్బ మీద పరీక్ష చేసేటప్పుడు కొన్ని ఎలుకలకి మత్తిచ్చి, పుర్రెకి చిన్న కంత పెట్టి, దెబ్బ కొట్టకుండా కుట్టేస్తాం. ఇంగ్లీషులో షామ్ అంటే బూటకం, అందుకని వాటిని షామ్ ఎలుకలంటాం. దెబ్బ తిన్నవాటి పక్కన వీటిని పెట్టి చూస్తే, దెబ్బ చేసిందేదో కత్తి చేసిందేదో తెలుస్తుంది.”

“ఉత్తుత్తి దెబ్బెలకన్నమాట.”

“ఆ.”

“మరి దానికి నా కొడుకు పేరెందుకెట్టినారు? ఊళ్లో పేర్లు కరువొచ్చీసినాయేటి?”

హైమవతి నేల మీది చట్నీ తుడవడానికి గుడ్డ అందుకుంది.

అప్పలనరసమ్మ ఉలికిపాటుకు ఊరికే నవ్వేయడానికి లేదు. వచ్చే గురువారం శ్యామ్ తల నిజంగానే ఒక టోపీలోకి వెళ్లబోతోంది.

పద్మనాభం సర్వేయరు. “సర్వే జనాః సుఖినో భవంతు అన్నారు గాని, సర్వేయరు జనాల సుఖం గురించి ఒక్క పెద్దాయనా నోరెత్తలేదు” అని వాపోతూ జిల్లాలోని గట్లన్నిటికీ గొలుసు పట్టినవాడు. సింహాచలం కొండ వెనక ఏ కాలిబాట ఏ తోటలో తేలుతుందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. హెల్మెట్టును నెత్తిన కాక స్కూటరు అద్దానికి పెట్టే ఆచారం మనది. పోయిన ఏడు మలుపు దగ్గర బండి జారినప్పుడు అద్దం క్షేమంగా బయటపడింది. తల పగిలింది.

మాట మిగిలింది, చమత్కారం మిగిలింది, దారి పోయింది. స్నానాల గదికని బయల్దేరి వీధి తలుపు తీస్తాడు. భోజనానికి లేచి బీరువా ముందు నిలబడతాడు. మంచం కోడు నుంచి స్నానాల గది గడియ దాకా హైమవతి నీలం ప్లాస్టిక్ తాడు కట్టింది. తాళి కట్టినవాడికి తాడు కట్టాల్సి వచ్చింది.

“గట్టు తగాదాలు తీర్చినవాణ్ణే హైమా,” అంటాడు ఆ తాడు పట్టుకుని నడుస్తూ. “నేనే ఒడ్డెక్కలేకపోతున్నా.”

ఆ ఒడ్డు ఋషికొండ వెనక ఉందని హైమవతి నమ్మింది. ఆమె పనిచేసే మెదడు పరిశోధనాలయం అక్కడే. దాని పెద్ద డాక్టర్ వరాహమూర్తి. లోకంలో టోపీ పెట్టేవాళ్లు కోకొల్లలు గాని, టోపీ పెట్టి తలను బాగుచేస్తానన్నవాడు ఈయనొక్కడే. ఆ యంత్రం పేరు జోడుటోపీ.

అక్కడ పని జరిగే తీరు ఇది. ఒక పెద్ద గుండ్రటి తొట్టి. అందులో పాలపొడి కలిపిన నీళ్లు. నీళ్ల అడుగున, పైకి కనిపించకుండా, ఒక చిన్న పీట. గది గోడలకు ఒకవైపు నక్షత్రం బొమ్మ, ఒకవైపు గళ్ల గుడ్డ, ఒకవైపు నల్ల చంద్రవంక. ఎలుకను నీళ్లలో వదిలితే ఈదుతుంది. బతుకు మీద తీపి కొద్దీ వెతికి వెతికి పీట ఎక్కుతుంది. గోడల గుర్తులతో దారి కట్టుకుని, నాలుగైదు ఈతల్లో తిన్నగా పీటకే వస్తుంది. మెదడుకు దెబ్బ తగిలిన ఎలుక ఎన్నిసార్లు వదిలినా అంచు వెంబడి గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, అచ్చం పద్మనాభం లాగే.

దారి నేర్చిన ఎలుక నిద్రపోతే, ఆ నిద్రలో దాని మెదడు మళ్లీ అదే దారి ఈదుతుంది. వరాహమూర్తి ఆ నిద్రను వలేసి పట్టారు. నేర్చిన ఎలుకకొక టోపీ, దెబ్బతిన్న ఎలుకకొక టోపీ తొడిగి పక్కపక్కన పడుకోబెడితే, దీని కలలోని ఈత దాని నిద్రలోకి దిగుతుంది. ఇచ్చేది దాత, పుచ్చుకునేది గ్రహీత. ఆ తర్వాత రెండిటినీ నాలుగైదుసార్లు తొట్టిలో వదిలి, మొదటివి నిద్రమత్తువని వదిలేసి, చివరి ఈతను లెక్కలోకి తీసుకోవడం హైమవతి పని.

చివరి ఈతలు అద్భుతంగా వచ్చాయి. గ్రహీత తిన్నగా పీటకు వచ్చింది. దాత కూడా తిన్నగానే వచ్చింది.

“దీపంతో దీపం వెలిగించడమంటే ఇదేనండీ,” అన్నారు వరాహమూర్తి ఆ సోమవారం పొద్దున. “పుచ్చుకున్నది వెలిగింది, ఇచ్చింది ఆరలేదు. అనుమతులిచ్చే పైకమిటీ వాళ్లు కూడా తలూపేశారు. గురువారం మీ వారు గ్రహీత, మీ మరిది దాత. ఇంకేం కావాలి?”

“ఒక్కటైనా రెపరెపలాడాలి సార్. ఇన్ని దీపాలు ఒక్కలాగే వెలిగితే నాకు అనుమానం.”

“మీ ఆయనకు నయమవుతుందంటే మీకు అనుమానమా?”

“నా ఉద్యోగమే అది సార్. జీతం పుచ్చుకుని అనుమానిస్తాను.”

ఆయన నవ్వారు. ఆ నవ్వు ఒక్క పిసరు తొందరగా ముగిసినట్టు ఆమెకు తోచింది. అనుమానం పెనుభూతం అంటారు. హైమవతి దానికి తెల్లకోటు కూడా తొడిగింది.

ఆ మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా ఒక పని చేసింది. మెదడుకు దెబ్బ తగిలి, టోపీ ముఖమైనా చూడని ఎలుకను తెచ్చి తొట్టిలో వదిలింది. మొదటి ఈత అంచు వెంబడి. రెండోదీ అంతే. తర్వాత్తర్వాత సర్దుకుంది. చివరి ఈతలో నావలా తిన్నగా వచ్చి పీటెక్కి మీసాలు దులుపుకుంది.

హైమవతి నోటుపుస్తకం మూసింది. వైద్యం లేకుండానే జబ్బు నయమైందంటే, జబ్బే లేదన్నమాట. అంటే దీనికి దెబ్బే తగల్లేదు. దెబ్బలు కొట్టేది నూకరాజు. నూకరాజుకు ఇక్కడ నూకలు చెల్లాయనుకుంటూ ఆపరేషన్ గదిలోకి నడిచింది.

నూకరాజుది భీమిలి. నలభై దాటిన మనిషి, సన్నగా, మాట తక్కువ. నిలువు గొట్టంలోంచి ఇత్తడి బరువు జారవిడిచే పరికరం తుడుస్తున్నాడు.

“ఈ ఎలుకకి దెబ్బ కొట్టావా నూకరాజూ?”

“కొట్టేను మేడమ్.”

“గట్టిగానేనా?”

“నాను కొడితే గదా గట్టో మెత్తో. ఎంత ఎత్తునుంచి వదలమంటే అంతెత్తునుంచి వదిలేను. బరువుకి మొగమాటం ఉండదు మేడమ్.”

“కంత పెట్టి, కొట్టకుండా కుట్టేసి, కొట్టానంటే ఎవరికి తెలుస్తుంది?”

నూకరాజు గుడ్డ కింద పెట్టాడు.

“మేడమ్, కొట్టిన్నాడు ఇంటికెళ్తే నాకు ముద్ద దిగదు. మా ఇంటిదానికి తెలుసు, ఆరోజు కూరేటని అడగదు. కొట్టకుండా పని జరిగే దారుంటే నాను మీకు సెప్పే మానీద్దును. దొంగతనంగా ఎందుకు మానతాను?”

హైమవతి మాటను నమ్మే రకం కాదు, మెదడును నమ్మే రకం. ఆ ఎలుకను ఆఖరి నిద్రకు పంపి, దాని మెదడును అప్పటికప్పుడు గడ్డకట్టించి పలచటి పొరలుగా కోయించి, రంగు వేసి చూసింది. కుడివైపు, కణాలు ఉండాల్సిన చోట బొగ్గు గనిలా గుంట. దెబ్బ నిజం. నూకరాజు నిజం. వెళ్లి అతణ్ణి క్షమించమంది. “పర్లేదు మేడమ్,” అన్నాడు గాని, ఆ సాయంత్రం ఆమెకు టీ మాత్రం పోయలేదు.

మరి అబద్ధం ఎక్కడుంది? ఎలుకల్ని మారుస్తున్నారా? కెమెరాను మాయ చేస్తున్నారా? వరాహమూర్తి తొందర పడిన నవ్వు మళ్లీ గుర్తొచ్చింది. మంగళవారం పొద్దున తొట్టి గదిలో తెర వెనక కుర్చీ వేసుకుని కూర్చుంది. గది తుడిచే మనిషి వచ్చి నేల తుడిచింది, తొట్టి అంచు తుడిచింది, వెళ్లింది. వరాహమూర్తి ఒకసారి వచ్చి, నీళ్లను చూసి ఒక ఆవులింత వదిలి వెళ్లారు. ఏ కుట్రా రాలేదు. వచ్చింది తిమ్మిరే.

కాళ్లు విదిల్చుకుంటూ లేచి, చెవిపోగు జారితే వెతకడానికి తొట్టి పక్కన మోకాళ్ల మీద కూలబడింది. కళ్లు నీళ్ల మట్టానికి వచ్చాయి. ఎలుక ఎత్తులో లోకాన్ని చూడటం ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమెకు అదే మొదటిసారి.

తెల్లటి నీళ్లు. తెల్లటి తొట్టి గోడ. దూరంగా, మసగ్గా గది గోడల మీది నక్షత్రం, గళ్లగుడ్డ, చంద్రవంక. దగ్గరగా, తెల్లటి గోడ లోపలివైపు, పీట ఉన్న చోటుకు సరిగ్గా పైన, నల్లగా ఎండిన ఒక చుక్క. పసుపు మీద కుంకుమ.

హైమవతి దాన్ని వేలితో ముట్టుకుంది.

దసరాకి పరిశోధనాలయంలో ఆయుధపూజ చేశారు. “శాస్త్రం శాస్త్రమే, శాస్త్రోక్తం శాస్త్రోక్తమే” అని వరాహమూర్తి కొబ్బరికాయ కొట్టారు. కంప్యూటర్లకు బొట్టు, ఫ్రిజ్జుకు బొట్టు, నూకరాజు గొట్టానికి బొట్టు. తొట్టి బయటంతా థర్మోకోల్ తొడుగు. దానికి పసుపు అంటుకోదు. అందుకని పూజ చేసినావిడ చెయ్యి లోపలికి పెట్టి, చేతికందిన చోట చక్కగా బొట్టు పెట్టింది. ఆ పూజ చేసినావిడ హైమవతే.

ఆ రోజు నుంచీ ఆ బొట్టు అందరి కళ్లముందే ఉంది, ఎవరికీ కనబడలేదు. మన దేశంలో బొట్టు లేకపోతే చూస్తారు గాని, ఉంటే ఎవరు చూస్తారు? తుడిచే మనిషి దాని చుట్టూ భక్తిగా తుడిచింది. పూజ బొట్టును తుడిచే చెయ్యి ఏదీ?

దెబ్బతిన్న మెదడు గోడల గుర్తులు కలిపి దారి కట్టుకోలేదు. కానీ ‘ఆ చుక్క కింద పీట ఉంది’ అన్నంత చిన్న సంగతి నాలుగు ఈతల్లో నేర్చుకోగలదు. టోపీ పెట్టని దెబ్బ ఎలుకల్ని దసరాకు ముందు ఈదించారు. టోపీ పెట్టినవాటినీ, వాటి దాతల్నీ దసరా తర్వాత. నూకరాజు మీదా వరాహమూర్తి మీదా వేలెత్తినప్పుడు, బొట్టు పెట్టిన వేలు కూడా తనదేనని ఆమెకు తోచలేదు.

తడి దూది తెచ్చింది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పెళ్లయిన మనిషి, ఇంట్లో మొగుడు అలా ఉండగా, బొట్టు తుడవడమా? తుడిచింది. చుక్క పోయాక తొట్టి నున్నగా బోసిగా కనిపించింది.

టోపీ పెట్టిన ఎలుకను వదిలింది. ఇది ఇప్పుడు గిరగిరా తిరుగుతుంది, గురువారం నీళ్లపాలవుతుంది అని పళ్లు బిగబట్టుకుంది. ఎలుక మొదటి ఈతలోనే తిన్నగా పీటకు వచ్చింది. ఇంకోదాన్ని వదిలింది. అదీ తిన్నగానే. మూడోది కూడా. ఏ గుర్తూ లేదు, ఏ మోసమూ లేదు. టోపీ పనిచేస్తోంది.

హైమవతి తొట్టి అంచు మీద తల ఆనించి ఏడ్చింది. పద్మనాభం ఇంటి తాడు విప్పేయవచ్చు.

తర్వాత, పని సగంలో వదిలే అలవాటు లేక, దాతల్ని కూడా వదిలింది. ఒకప్పుడు ఆ తొట్టిలో అందరికన్నా చురుగ్గా ఈదిన ఎలుకలవి. మొదటిది అంచు వెంబడి తిరిగింది. తిరుగుతూనే ఉంది. మునిగిపోతుంటే తీసింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. బోనులో తిండి ఒకే చోట ఉంటుంది గనక వాటికి దారితో పని పడలేదు, ఎవరికీ తెలియలేదు. ఈ తొట్టిలో ఇప్పటిదాకా చుక్క దారి చూపించింది. దీపంతో దీపం వెలగలేదు. ఒక దీపంలోని ఒత్తి రెండోదాంట్లోకి వెళ్లింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి శ్యామ్ వచ్చి ఉన్నాడు. అన్నదమ్ములిద్దరూ సోఫాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు.

“వదినా, గురువారం తర్వాత అన్నయ్య నన్ను కైలాసగిరి తీసుకెళ్తాడట. మెయిన్ రోడ్డు కాదంట, ఎనక బాటంట.”

“వీడు కారులో తిప్పే దారులు దారులా హైమా? అవి రోడ్లు. దారంటే నేను చూపిస్తా.” పద్మనాభం ముఖం ఎన్నాళ్లకో విప్పారింది. “ఏం, పాలిపోయావు? పాలపొడి నీళ్లు తాగావా?”

“ఏం లేదు. తలనొప్పి.”

“తలల నొప్పి చూసేవాళ్లకి తలనొప్పా?” అన్నాడు.

అప్పలనరసమ్మ కోడలి ముఖంలోకి తేరిపార చూసింది. “ఏటమ్మీ, ఏటో దాస్తన్నావు.”

“లేదత్తయ్యా,” అంది హైమవతి. జీవితంలో మొదటిసారి, అనుమానించేది అవతలివాళ్లు, అనుమానం తన మీద.

ఆ దూది చెత్తబుట్టలో ఉంది. సంగతి తెలిసింది ఆమె ఒక్కదానికే. నోరు మూసుకుంటే గురువారం మొగుడు ఇల్లు చేరతాడు. శ్యామ్ ఏదో ఒక కూడలిలో, నేర్చుకునే కుర్రాడు పక్కసీట్లో ఉండగా, ఎటు తిప్పమనాలో తోచక కూర్చుంటాడు. పోనీ తన దారే ఇచ్చేస్తే? ఇద్దరు పిల్లలున్న శ్యామ్ బదులు పిల్లలు లేని తను. అప్పుడు ఈ ఇంట్లో తాడు ఎవరు కడతారు? బఠాణీ గింజలు గిన్నెలో టపటపా పడుతున్నాయి. అన్నదమ్ములు నవ్వుకుంటున్నారు. ఆ రాత్రి ఏం వండిందో ఆమెకు తెలియదు.

బుధవారం పొద్దున అందర్నీ తొట్టి గదికి రమ్మంది. వరాహమూర్తి, నూకరాజు, శ్యామ్ చెయ్యి పట్టుకుని పద్మనాభం. కొడుకు తలను పెట్టే చోటు చూడందే ఒప్పుకోనని అప్పలనరసమ్మ.

హైమవతి మొదట గ్రహీతను వదిలింది. అది తిన్నగా వెళ్లి పీటెక్కింది. తర్వాత దాతను వదిలింది. అది తిరుగుతోంది.

“దసరానాడు ఈ తొట్టి లోపల నేను బొట్టు పెట్టాను,” అంది. “దెబ్బ తిన్నవీ, దారి పోయినవీ అన్నీ ఆ బొట్టును చూసుకుని పీటెక్కాయి. అందుకే దాతకు నష్టం లేదనుకున్నాం. నేను నూకరాజును అనుమానించాను, సార్‌ను అనుమానించాను. తప్పు నా వేలిది. నిన్న తుడిచాక చూశాను. టోపీ పనిచేస్తుంది. కాకపోతే అది దారిని పంచదు, తీసి ఇస్తుంది. తిరిగి వస్తుందో లేదో తెలియదు.”

“ముత్తైదువ్వి, బొట్టు తుడిసీసినావా?” అంది అప్పలనరసమ్మ.

“తుడవకపోతే శ్యామ్ తుడిచిపెట్టుకుపోయేవాడు అత్తయ్యా.”

ఆవిడ చిన్నకొడుకు చొక్కా వెనక కొస పట్టుకుంది.

వరాహమూర్తి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఎలుకకు పోయినంత మాత్రాన మనిషికీ పోతుందని ఏముందండీ?”

“ఎలుకకు వస్తే మనిషికీ వస్తుందని నమ్మాంగా సార్,” అన్నాడు పద్మనాభం.

తొట్టిలో ఎలుక ఇంకా తిరుగుతోంది. శ్యామ్ అన్నయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

“పోతే పోనీ అన్నయ్యా. నీ దారి నీకొస్తే నన్ను నువ్వే తిప్పుదువు గాని. నాకు పర్లేదు.”

“నీకు తెలీదురా అదెలా ఉంటాదో. పొద్దున్న లేచి ఇల్లు నీదేనని తెలుసు, ఎటు నడవాలో తెలీదు. పెళ్లాం పిలుస్తుంది, గొంతు వినపడతాది, ఏ పక్కనుంచో తెలీదు. నాకు తెలుసు. తెలిసినవాణ్ణి, తెలిసి తెలిసి నీకెలా ఇస్తాను?”

అలా అంటూనే ముందుకు వంగి, చొక్కా చేతులు తడుస్తున్నా చూసుకోకుండా, నీళ్లలో తిరుగుతున్న ఎలుకను రెండు చేతులా ఎత్తాడు. భుజం మీది తువ్వాలులో చుట్టి గుండెకు ఆనించుకున్నాడు. అది వణుకుతోంది. ఆయన దాని వీపు నిమిరాడు. నూకరాజు తల తిప్పుకున్నాడు.

తర్వాత పద్మనాభం నిటారుగా నిలబడి చుట్టూ చూశాడు. నక్షత్రం, గళ్లగుడ్డ, చంద్రవంక. ఏదీ ఆయనకు ఏమీ చెప్పలేదు.

“శ్యామ్,” అన్నాడు, “గుమ్మం ఎటురా?”

శ్యామ్ చూపించాడు.